రేడియేటర్‌లో మంచినీళ్లు

మా ఆయన కొన్న బండి ఏ కంపెనీదో చెప్పను. పాపం, దాని తప్పు అంతగా ఏమీ లేదు. ఊళ్లో అందరూ దాన్ని జీపు అనేవారు గానీ అది జీపూ కాదు, కారూ కాదు. ముందు కారుకున్నట్టు మెత్తటి సీట్లు, వెనక ఎదురెదురుగా రెండు బల్ల సీట్లు, చుట్టూ అద్దాలు, నెత్తిమీద సామాను కట్టుకోవడానికి ఇనప కమ్మీలు. డీజిలు బండి. మా గుమ్మంలోకి వచ్చేనాటికే అది ఇద్దరు యజమానుల దగ్గర పనిచేసి వచ్చింది. కిలోమీటర్ల మీటరు ఒకే అంకె మీద ఆగిపోయి ఉంది. అసలు ఎంత తిరిగిందో ఆ దేవుడికే తెలియాలి. మా ఆయన మాత్రం దాని బానెట్ మీద చెయ్యి వేసి, గట్టి బండి, పదేళ్లు చూసుకోనక్కర్లేదు అన్నారు. అప్పుడు రొయ్య బాగా పండుతున్న రోజులు. ఆ రోజుల్లో ఆయన ఏ మాటన్నా నిజమే అనిపించేది.

మాది అవనిగడ్డ దాటి సముద్రం వైపు వెళ్లే దారిలో ఊరు. బందరు వెళ్లాలన్నా, ఒంట్లో బాగోక డాక్టరు దగ్గరికి పరుగెత్తాలన్నా బస్సు కోసం రోడ్డు మీద పడిగాపులు కాయాల్సిందే. అలాంటి ఊళ్లో తొమ్మిదిమంది పట్టే బండి ఒకటి వచ్చిందంటే అది మా ఒక్కరిది ఎందుకవుతుంది? పొద్దున్నే ఎవరో ఒకరు అరుగు దగ్గర నిలబడి ఆ కబురూ ఈ కబురూ చెప్పి, చివర్లో, బండి ఒకసారి పంపుతారా అండీ అనేవారు. పెళ్లిచూపులకి, పురిటికి, మోపిదేవిలో పిల్లల చెవులు కుట్టించడానికి, ఎవరైనా పోతే చుట్టాల్ని పిలుచుకురావడానికి. మా ఆయన తాళాలు ఇచ్చేవారు, లేకపోతే తనే నడిపేవారు. డీజిలు తీసుకెళ్లినవాళ్లది, రిపేరు మాది. ఇది ఎవరూ కూర్చుని పెట్టిన రూలు కాదు. రిపేరుకి ఉంచండి అని ఎవరైనా డబ్బులు చేతిలో పెడితే అది అద్దె బండి అయిపోతుంది, మా ఆయన డ్రైవరైపోతారు. అందుకని వాళ్లూ ఇచ్చేవారు కాదు, ఈయనా తీసుకునేవారు కాదు.

తర్వాత రొయ్యలకి తెల్లమచ్చల తెగులు వచ్చింది. వరసగా రెండు పంటలు చెరువులోనే చచ్చి తేలాయి. పొలం ముక్క పోయింది, నా గాజులు పోయాయి, చెరువుల లీజు వదులుకున్నాం. ఇల్లూ, ఈ బండీ మిగిలాయి. అంతకుముందు సలహాకని, మందులకని, మేతకని మా అరుగు మీద పదిమంది కూర్చుని ఉండేవారు. ఒక్కొక్కరే రావడం మానేశారు. వాళ్లని తప్పుపట్టలేం, చెరువు లేని మనిషితో మేత గురించి ఏం మాట్లాడతారు? కానీ బండి కోసం మాత్రం ఇంకా వచ్చేవారు. ఎవరైనా గేటు తీసిన చప్పుడైతే చాలు, మా ఆయన చొక్కా తొడుక్కుని బయటికి వచ్చేవారు. అది చూస్తే నాకు జాలీ వేసేది, ఒళ్లూ మండేది. రెండూ ఒకేసారి.

ఒళ్లు మండటానికి కారణాలు బోలెడు. ఆ బండికి లేని రోగం లేదు. పొద్దున్నే సెల్ఫ్ పట్టేది కాదు, నలుగురు తోస్తే గానీ కదిలేది కాదు. తోసి తోసి మా వీధివాళ్లకి అలవాటైపోయి, తాళం తిప్పకముందే వచ్చి వెనక నిలబడేవారు. క్లచ్ ప్లేట్లు మార్చామనుకుంటే డీజిలు పంపు మొరాయించేది. పంపు బాగు చేయిస్తే రెండో గేరు దానంతటదే జారి బయటికొచ్చేది. దానికి ఒక ఉపాయం ఉండేది, ముందు సీట్లో కూర్చున్నవాళ్లు గేరు రాడ్డుని మోకాలితో నొక్కిపెట్టుకోవాలి. పెళ్లికూతురు పట్టుచీర కట్టుకుని అలా మోకాలు ఆనించి కూర్చోవడం కూడా చూశాను. ఉప్పుగాలికి కాళ్ల కింద రేకు తుప్పు పట్టి, రోడ్డు కనిపించేంత చిల్లు పడితే మా ఆయన దానిమీద పీట చెక్క వేశారు. వెనక తలుపు గడియ పోయి తాడుతో కట్టాం. బందరు మెకానిక్కు లేబరు వేరు, స్పేర్లు వేరు అనేవాడు. స్పేర్లు బెజవాడ నుంచి రావాలి. ఈలోగా బండి షెడ్డులో, ఈయన షెడ్డు ముందు బల్ల మీద. బాగై వచ్చిన బండికి నేను దిష్టి తీసేదాన్ని. ఎంత తీసినా నెల తిరక్కుండా మళ్లీ అక్కడికే.

అన్నిటికంటే పెద్ద రోగం మాత్రం వేడి. పది మైళ్లు వెళ్లేసరికి వేడి చూపించే ముల్లు ఎర్రగీత మీదికి వెళ్లిపోయేది. గుడివాడలో రేడియేటర్లు బాగుచేసే షాపుకి తీసుకెళ్లాం. అతను దాన్ని విప్పి, సన్న గొట్టాల మూతుల దగ్గర పేరుకున్న తెల్లటి పొరని గోటితో గీకి మా ఇద్దరికీ చూపించాడు. ఉప్పునీళ్లు పోస్తున్నారండీ దీంట్లో అన్నాడు. మేమెప్పుడు పోశామని నేను గయ్యిమన్నాను. మా ఆయనకి మాత్రం అప్పుడే అర్థమైంది. బండి తీసుకెళ్లినవాళ్లు తిరిగి ఇచ్చేముందు మర్యాదగా అద్దాలు తుడిచి, రేడియేటర్ నిండా నీళ్లు నింపి మరీ ఇచ్చేవారు. కాలువలో నీళ్లున్నప్పుడు కాలువనీళ్లు, ఎండాకాలం కాలువలు కట్టేశాక చేతిపంపు నీళ్లు. మావైపు పంపు కొడితే వచ్చేది ఉప్పునీళ్లే, సబ్బు కూడా నురగ రాదు. ఇంజిన్‌లో పేరుకున్నది అదన్నమాట, అందరి మర్యాదా.

ఇంటికి రాగానే ఒక్కొక్కరినీ నిలబెట్టి కడిగేద్దామనుకున్నాను. మా ఆయన ఒప్పుకోలేదు. చెప్తే సిగ్గుపడి మళ్లీ అడగరు అన్నారు. అడక్కపోతే మనకే మంచిది కదండీ అని నోటిదాకా వచ్చింది గానీ ఆయన మొహం చూసి మింగేశాను. ఆయనే ఒక ఏర్పాటు చేశారు. పచ్చరంగు ప్లాస్టిక్ డబ్బా ఒకటి కొని, మంచినీళ్ల చెరువు నీళ్లు వడపోసి నింపి, బండి వెనక పెట్టారు. రేడియేటర్‌కి నీళ్లు కావాలంటే ఇవే పొయ్యండి అని తీసుకెళ్లే ప్రతివాళ్లకీ నవ్వుతూ చెప్పేవారు. వాళ్లూ అలాగేనండీ అని తలూపేవారు.

డబ్బా ఖాళీగా తిరిగొచ్చేది. మా ఆయన సంతోషించేవారు. బండి మాత్రం ముందుకంటే ఎక్కువ వేడెక్కేది. చివరికి పక్కింటి పిన్ని దగ్గర అసలు సంగతి బయటపడింది. పిన్నీ, బాబాయీ మాకు చుట్టాలేమీ కారు గానీ కాపరానికి వచ్చిననాటి నుంచీ అలాగే పిలుస్తాను. డబ్బాలో నీళ్లు దారిలో పిల్లలకీ, పెద్దవాళ్లకీ తాగడానికి ఎంత అక్కరకొచ్చాయో అని మెచ్చుకుంది. మరి రేడియేటర్‌లోకో అని అడిగాను. పంపు కొట్టి పోశారటమ్మా అంది. నేను తల పట్టుకున్నాను. ఆ నీళ్లు ఇంజిన్ కోసం పెట్టినవి పిన్నీ అంటే, ఆవిడ నా వంక వింతగా చూసింది.

“మంచినీళ్లు తీసుకెళ్లి ఇంజిన్‌లో పోస్తారా ఎవరైనా? కళ్లు పోతాయమ్మా.”

ఎండాకాలం మా ఊళ్లో మంచినీళ్ల చెరువు అడుగంటితే ట్యాంకరు వచ్చేది, వస్తే ఇంటికి రెండు బిందెలు. బిందె తొణికితే అత్తగారు కోడల్ని తిట్టే ఊరు అది. అలాంటి నీళ్లని మూత తిప్పి ఇంజిన్‌లో పొయ్యమని చెప్తే పైకి అలాగేనండీ అంటారు గానీ చెయ్యి రావద్దూ? వాళ్లు మమ్మల్ని మోసం చేశారని ఎన్నడూ అనుకోలేదు. పిన్ని మాటకి మాత్రం నాకు ఆవేళంతా ఒళ్లు మండుతూనే ఉంది.

ఆ వేసవి మొదట్లోనే వేడికి ఇంజిన్ మీది మూత, దాన్నే హెడ్డంటారు, వంగిపోయింది. బందరులో మెకానిక్కు దాన్ని చెక్కించి, గాస్కెట్ మార్చి బిగించాడు. ఆ ఖర్చుతో ఒక చిన్న చెరువుకి చేపపిల్ల వచ్చేది. హెడ్డు ఇంక రెండోసారి చెక్కడానికి లేదనీ, నీళ్లు జాగ్రత్తగా చూసుకోమనీ మరీ మరీ చెప్పాడు. ఆ రాత్రి అన్నం దగ్గర మా ఆయనే అన్నారు, అమ్మేద్దామని. నేను అనమని అడగలేదు. ముదినేపల్లి దగ్గర చెరువులున్న ఒకాయన, చేపలు పట్టే కూలీల్ని తిప్పడానికి ఇలాంటి బండి కోసం చూస్తున్నారని తెలిసింది. ఎస్టీడీ బూతు నుంచి మాట్లాడితే ఆదివారం వచ్చి చూస్తానన్నారు. బండి బాగుంటే ఆవేళే డబ్బిచ్చి తీసుకెళ్తానన్నారు. ఆ డబ్బు వస్తే మా ఊరి చివర చెరువొకటి లీజుకి పట్టి చేప వేసుకోవచ్చు. మా ఆయన మళ్లీ గట్టుమీద నిలబడొచ్చు. మా బతుకు తెరువంతా ఆ ఒక్క ఆదివారం మీదికి వచ్చింది. ఆ నాలుగు రోజులూ బండి కదపకూడదనుకున్నాం. రేడియేటర్ కడిగించి, కొత్తగా మంచినీళ్లు నింపి గోనెపట్టా కప్పాం.

శుక్రవారం పొద్దున్నే గేటు చప్పుడైంది. పక్కింటి బాబాయి. మనవరాలికి మోపిదేవిలో చెవులు కుట్టిస్తామని ఎప్పుడో మొక్కుకున్నారు, ముహూర్తం ఆవేళే, మాట్లాడుకున్న వ్యాను రాలేదు. పిన్ని అప్పటికే తడిబట్టలతో పొంగలి సామాన్లు సర్దుకుని గుమ్మంలో నిలబడి ఉంది. మా ఆయన నా వైపు చూశారు. వద్దని నేనే చెప్పాలని ఆయన కోరిక. పిన్ని పక్కనున్న పిల్ల మొహం చూసి నాకూ నోరు రాలేదు. సరే, అయితే నేనూ వస్తానన్నాను. పచ్చ డబ్బా నింపి, ముందు సీట్లో ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో వాటేసుకుని కూర్చున్నాను. గేరు రాడ్డుకి మోకాలు, డబ్బాకి చేతులు. ఎవరైనా దాహం అంటే వెనక్కి తిరిగి చూసేదాన్ని. ఆ చూపుకి వెనకాల వాళ్లు ఇంటి నుంచి తెచ్చుకున్న మరచెంబు తీసేవారు. బాబాయి, మా అమ్మాయి ఇవాళ పోలీసు డ్యూటీలో ఉందర్రా అని ఏడిపించాడు.

మోపిదేవిలో అంతా బాగానే జరిగింది. పుట్టలో పాలు పోశారు, పిల్ల చెవులు కుట్టేటప్పుడు గుక్కపట్టి ఏడిచింది, తర్వాత బెల్లం ముక్క పెడితే ఊరుకుంది. బండి కూడా బుద్ధిగా ఉంది. తిరుగు ప్రయాణంలో అవనిగడ్డ దాటి కొంత దూరం వచ్చాక బానెట్ కింద టప్ అని చప్పుడైంది, వెంటనే అద్దం నిండా ఆవిరి. మా ఆయన అక్కడికక్కడే ఇంజిన్ ఆపేశారు. మిట్టమధ్యాహ్నం. దిగి చూస్తే రేడియేటర్ నుంచి వచ్చే రబ్బరు గొట్టం చివర చీలిపోయింది, నీళ్లన్నీ రోడ్డు పాలయ్యాయి. వెంటనే ఆపేశాం కాబట్టి హెడ్డుకేం కాలేదని మా ఆయన ఊపిరి పీల్చుకున్నారు. ఇంజిన్ కాస్త చల్లారేదాకా ఆగి, చీలిన ముక్క కత్తిరించి, గొట్టం మళ్లీ బిగించారు. ఇంక నీళ్లు పోస్తే చాలు. డబ్బా నిండా నీళ్లు రేడియేటర్‌కి సరిగ్గా సరిపోతాయి. నేను దేవుడికి దణ్ణం పెట్టుకుని డబ్బా ఆయన చేతికిచ్చాను.

మేం ఆగింది ఒక పల్లె ముందు. రోడ్డు పక్కన తుమ్మచెట్టు సన్నటి నీడలో ఖాళీ బిందెలు వరసగా పెట్టి ఉన్నాయి. ట్యాంకరు కోసమట. నిన్న రాలేదు, ఇవాళైనా వస్తుందని పొద్దుట్నించీ కూర్చున్నారు. మా బండి ఆగిన దగ్గర్నుంచి ఆ ఆడవాళ్లు లేచి వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఒకామె చంకలో పసివాడు పెదాలు నాక్కుంటున్నాడు. ఆవిడ వాణ్ణి ఎండ తగలకుండా కొంగుతో కప్పుతూ ఉంది. మా ఆయన రేడియేటర్ మూత తీశారు. డబ్బా మూత కూడా తీశారు. వాళ్లలో ఒక ముసలమ్మ ముందుకొచ్చి డబ్బాలోకి తొంగిచూసింది.

“బాబూ, ఇయి మంచినీళ్లేనా?”

“అవునమ్మా.”

“ఇంజిన్‌కా?”

అంతే అంది. ఇవ్వమని అడగలేదు, మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మా ఆయన ఆవిడ వైపు చూడకుండా తల వంచుకున్నారు. తర్వాత డబ్బా వంచారు. మొదటి ధార రేడియేటర్ అంచుకి తగిలి వేడి ఇనుము మీద చుయ్యిమంది. ఆ పసివాడు చప్పుడు విని తల తిప్పి చూశాడు. నాకు ఏమైందో తెలియదు. ఆ డబ్బాని పొద్దుట్నించీ కన్నపిల్లలా ఒళ్లో పెట్టుకుని కాపలా కాసినదాన్ని నేను. వెళ్లి ఆయన చేతిలోంచి లాక్కున్నాను. సగం అటు సగం ఇటు చేద్దామా అని కూడా తోచింది. సగం పోస్తే మిగతా సగం ఉప్పునీళ్లే కలపాలి, దానివల్ల ఎవరికీ లాభం లేదు. పసివాడి తల్లిని గిన్నె పట్టమన్నాను. ముందు వాడికి, తర్వాత ముసలమ్మకి, తర్వాత బిందెలకి తలా కొంచెం. పిన్ని బండి దిగి వచ్చి, పడకుండా బిందెలు పట్టుకుంది.

ఆ తర్వాత వాళ్లే చేతిపంపు కొట్టి బిందెలతో నీళ్లు మోసుకొచ్చారు. ముసలమ్మ స్వయంగా పోస్తానంది. నిండా పోస్తాం బాబూ, నీళ్లకేం కరువు, ఇయి మాకు బోలెడున్నాయి అని అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వి, పొయ్యండమ్మా అన్నారు. బండి సెల్ఫ్ పట్టకపోతే వాళ్లే తోశారు. గొట్టం చెమరుస్తూనే ఉండటంతో దారిలో ఇంకో రెండుచోట్ల పంపునీళ్లే పోసుకుంటూ ఇల్లు చేరాం.

మర్నాడు రేడియేటర్ కడగడానికి కొన్ని బిందెల మంచినీళ్లు కావాలి. ఆ వారం మా వంతుకొచ్చినవి రెండు. ఆ రెండూ తీసి కడిగేద్దాం అని ఆయనా అనలేదు, నేనూ అనలేదు. అంతకు రెండు రోజుల ముందైతే అనేవాళ్లమే.

ఆదివారం ముదినేపల్లి ఆయన వచ్చారు. మంచి మనిషి, మాట మెత్తన. సెల్ఫ్ పట్టకపోతే నవ్వారు, పీట చెక్క ఎత్తి చూసి నవ్వారు, రెండో గేరు సంగతి మా ఆయనే చెప్తే పర్వాలేదన్నారు. ఊరి చివరిదాకా నడిపి వచ్చి, ఇంజిన్ గట్టిగానే ఉందండీ అన్నారు. నా గుండెలో సగం బరువు దిగింది. తర్వాత ఆయన రేడియేటర్ మూత తీసి, వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నారు. చెరువుల మీద బతికేవాళ్లకి అదొక అలవాటు. చెరువులోకి కొత్తనీళ్లు వదిలేముందు అలాగే రుచి చూస్తారు, మా ఆయన కూడా అంతే. వచ్చినాయన పక్కకి తిరిగి ఉమ్మేసి, ఉప్పునీళ్లతో నడిపారా అని అడిగారు. ఎవరో తెలియక పోశారని చెప్పొచ్చు. ఊళ్లో ఆ మాటకి సాక్షులు కూడా బోలెడుమంది దొరుకుతారు.

“అవునండీ. మొన్న నేనే పోశాను” అన్నారు మా ఆయన.

ఎందుకని ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు. నేను చెప్పబోతే మా ఆయన నా వైపు చూసి వద్దన్నట్టు తల ఊపారు. హెడ్డు ఒకసారి చెక్కించిన ఇంజిన్‌లో ఉప్పునీళ్లు తిరిగాక ధైర్యం చెయ్యలేనండీ, ఏమీ అనుకోవద్దని ఆయన చేతులు జోడించారు. ఇంటికి వచ్చిన మనిషికి మంచినీళ్లివ్వడం మా ధర్మం కాబట్టి గ్లాసుతో తెచ్చిచ్చాను. ఆయన చుక్క మిగల్చకుండా తాగి, గ్లాసు అరుగు మీద బోర్లించి, బస్సు టైమైందని వెళ్లిపోయారు.

ఆ ఏడు మాకు చెరువు లేదు. ఊరి చివర చెరువు ఇంకెవరో పట్టుకున్నారు. మా ఆయన పెదపారుపూడి వైపు వేరేవాళ్ల చెరువుల మీద కాపలాకి కుదిరి వారానికోసారి ఇంటికి వచ్చేవారు. బండి కొన్నాళ్లు వాకిట్లో నిలబడి నిలబడి, చివరికి గుడివాడ పాత ఇనుము షాపుకి తూకానికి పోయింది. గేటు చప్పుడు కూడా తగ్గిపోయింది. ఎప్పుడైనా బాబాయి ఒక్కడే వచ్చి, ఊరికే కూర్చుని వెళ్లేవాడు.

కానీ ఆ ఆదివారం సాయంత్రం సంగతి చెప్పకపోతే ఇదంతా చెప్పినట్టు కాదు. ముదినేపల్లి ఆయన వెళ్లిపోయాక మా ఆయన అరుగు మీదే కూర్చుండిపోయారు. దీపాలవేళ దాకా లేవలేదు. నన్ను తిడతారేమో అనుకున్నాను. తిట్టినా పడదామని సిద్ధపడి, వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆయనే ముందు నోరు విప్పారు.

“నేను డబ్బా వంచేశాను, చూశావుగా. నువ్వు లాక్కోకపోతే మొత్తం పోసేసేవాణ్ణి. వాళ్లు అలా చూస్తూనే ఉండేవాళ్లు” అన్నారు. చెరువులు పోయినప్పుడు కూడా ఆయన అలా మాట్లాడగా నేను వినలేదు.

లోపలికెళ్లి కుండలోంచి గ్లాసుడు నీళ్లు ముంచి తెచ్చిచ్చాను. ఆయన సగం తాగి, మిగతా సగం నాకిచ్చారు.